ఆతిథ్యం ఎవరిది, చాకిరీ ఎవరిది

శ్రోతలకు నమస్కారం.

2010 డిసెంబరు 2న స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ ఒక కవరు తెరిచి, లోపలి కాగితం తీసి, ఖతార్ పేరు చదివారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఆ దేశానికి దక్కింది. పోటీలో అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణ కొరియా కూడా ఉన్నాయి. చివరి విడత ఓటింగులో ఖతార్‌కు 14 ఓట్లు, అమెరికాకు 8 ఓట్లు పడ్డాయి. అంత చిన్న దేశానికి అంత పెద్ద పోటీ అప్పగించవచ్చా అన్న వాదన ఆ రోజే మొదలైంది. పోటీ అయిపోయి ఇన్నేళ్లయినా ఆ వాదన తెగలేదు.

ఎంత చిన్న దేశమంటే, ఖతార్ విస్తీర్ణం 11,500 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా విస్తీర్ణం 11,800 చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే ఆ దేశం మన పాత జిల్లా ఒక్కదానికన్నా కాస్త చిన్నదే. ఈ జిల్లా పేరు ఊరికే ఎత్తలేదు. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్‌లో పని చేసిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. ఇటు నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలూ అంతే. ప్రపంచకప్పు నాటికి ఖతార్ జనాభా 29 లక్షలకు దగ్గర్లో ఉంటే, అందులో ఆ దేశ పౌరులు పదింట ఒక వంతు కన్నా కొంచెమే ఎక్కువ. మిగతా అందరూ బయటి నుంచి వచ్చినవారు. భారతీయులే ఏడెనిమిది లక్షల మంది. కాబట్టి ఖతార్ ఆతిథ్యం గురించి మాట్లాడుతున్నామంటే మనవాళ్ల చాకిరీ గురించి కూడా మాట్లాడుతున్నట్టే.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. చిన్న దేశం పెద్ద పోటీ జరపడంలో తప్పు లేదు. జరపాలి కూడా. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పుట్టిందే చిన్న దేశంలో. 1930లో మొదటి పోటీ జరిపిన ఉరుగ్వే జనాభా అప్పట్లో ఇరవై లక్షల లోపు. పదమూడు జట్లు వచ్చాయి. ఓడల్లో వచ్చిన జట్ల ప్రయాణ ఖర్చులు కూడా ఉరుగ్వేనే భరించింది. మ్యాచులన్నీ మాంటెవిడియో అనే ఒక్క నగరంలోనే జరిగాయి. 1954లో పోటీ జరిపిన స్విట్జర్లాండు కూడా పెద్ద దేశమేమీ కాదు. పెద్ద దేశాలకే ఇవ్వాలని పట్టుబడితే, ఈ పండగ ఎప్పుడూ ఆ నాలుగైదు ఇళ్లలోనే జరుగుతుంది, మిగతావాళ్లు గుమ్మం బయట నిలబడి చూడాల్సిందే.

చిన్నగా ఉండటం వల్ల ఖతార్‌లో మేలు కూడా జరిగింది. ఎనిమిది స్టేడియాలూ దోహాలోనో దాని చుట్టుపక్కలో ఉన్నాయి. ఉత్తరాన అల్ ఖోర్‌లోని అల్ బైత్ స్టేడియం నుంచి దక్షిణాన అల్ వక్రాలోని అల్ జనూబ్ స్టేడియం దాకా రోడ్డు మీద గంటకు అటూఇటూ ప్రయాణం. 2019లో మొదలైన దోహా మెట్రో ఎక్కి ఒకే రోజు రెండు మ్యాచులు చూసిన ప్రేక్షకులున్నారు. అమెరికా, కెనడా, మెక్సికో కలిసి జరిపే 2026 పోటీలో అది ఊహకు కూడా అందని మాట. పైగా అరబ్బుల నేల మీద జరిగిన మొదటి ప్రపంచకప్పు అది. సౌదీ అరేబియా అర్జెంటీనాను 2-1తో ఓడించిన రోజున, మొరాకో సెమీఫైనల్ చేరిన రోజున ఆ వీధుల్లో కనిపించిన సంబరాన్ని ఎవరూ కాదనలేరు. ఒక ఆఫ్రికా దేశం, ఒక అరబ్ దేశం అంత దూరం రావడం అదే మొదటిసారి. ఆతిథ్య జట్టు మాత్రం ఆడిన మూడు మ్యాచులూ ఓడిపోయింది. అదేమంత పెద్ద విషయం కాదు. ఇల్లు బాగుందా లేదా అన్నది ఇంటాయన ఆటను బట్టి తేల్చే సంగతి కాదు కదా.

ఖతార్‌కు ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. భూమి కింద అపారమైన సహజవాయువు ఉంది. చుట్టూ తనకన్నా ఎంతో పెద్ద దేశాలున్నాయి. ప్రపంచానికి తన పేరు తెలిసి ఉండటమే చిన్న దేశానికి ఒక రక్షణ. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో సంబంధాలు తెంచేసుకున్నాయి. ఉన్న ఒక్క భూసరిహద్దూ మూతపడింది. 2021 జనవరి దాకా అదే పరిస్థితి. అలాంటి చోట ఉన్న పాలకులు ప్రపంచం చూపు తమ మీద ఉండాలని కోరుకోవడాన్ని నేను తప్పు పట్టలేను.

ఎండ గురించి చాలా గొడవ జరిగింది. జూన్, జులై నెలల్లో అక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. మైదానాలనే చల్లబరుస్తామని ఖతార్ మాటిచ్చింది. 2015లో ఫిఫా పోటీని నవంబరు, డిసెంబరు నెలలకు మార్చింది. యూరప్ క్లబ్బులు సణిగాయి, ఆపైన సర్దుకున్నాయి. ఓట్లు కొన్నారన్న ఆరోపణ ఇంతకన్నా బరువైనది. ఆనాటి ఫిఫా కార్యవర్గంలో పలువురు తర్వాత అవినీతి వ్యవహారాల్లో చిక్కుకుని నిషేధాల పాలయ్యారు. 2020లో అమెరికా న్యాయశాఖ కూడా ఖతార్‌కు ఓటేయడానికి లంచాలు ముట్టాయని అభియోగపత్రంలో రాసింది. ఖతార్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. బీరు అమ్మకాలు, స్వలింగ సంపర్కులకు మద్దతుగా జట్ల కెప్టెన్లు కట్టుకోవాలనుకున్న చేతి పట్టీల వివాదాలు పోటీ రోజుల్లో పత్రికలను నింపాయి. వాటి జోలికి నేనిప్పుడు పోను. ఈ గొడవల సందట్లో ఒక మనిషి కనిపించకుండా పోయాడు. ఆ ఎండలో స్టేడియం కట్టిన మనిషి. ప్రేక్షకులకు ఎండ తగులుతుందేమో అని ప్రపంచమంతా చర్చించింది. పన్నెండేళ్ల పాటు ఆ ఎండలోనే ఇనుము వంచిన వాడి సంగతి ఎంతమంది అడిగారు?

ఇక్కడ కొన్ని తేదీలు చెప్తాను, ఓపిగ్గా వినండి. ఖతార్‌కు పోటీ దక్కింది 2010లో. అప్పటికి అక్కడ కఫాలా పద్ధతి పూర్తిగా అమల్లో ఉంది. అంటే కఫీల్, అదే యజమాని, ఒప్పుకోకపోతే వేరే కంపెనీకి మారడానికి లేదు. దేశం విడిచి ఇంటికి రావడానికి కూడా ఆయన అనుమతి కావాలి. ఇంట్లో తల్లి చనిపోయినా కఫీల్ సంతకం కోసం ఎదురుచూడాల్సిందే. అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది 2018లో. చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం విడిచే అనుమతి, అవసరం లేకుండా చేసింది అదే ఏడాది. కంపెనీ మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదని చట్టం మార్చింది 2020లో. నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం, అంటే అప్పటి లెక్కన దాదాపు ఇరవై వేల రూపాయలు, అమల్లోకి వచ్చింది 2021 మార్చిలో. వేసవిలో ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన వచ్చింది కూడా 2021లోనే. అంతకుముందున్న నిషేధ సమయం ఇంతకన్నా తక్కువ.

ఇప్పుడు స్టేడియాల తేదీలు. ఖలీఫా స్టేడియం 2017లో సిద్ధమైంది. అల్ జనూబ్ 2019లో. ఎడ్యుకేషన్ సిటీ, అహ్మద్ బిన్ అలీ 2020లో. అంటే కనీస వేతనం చట్టం అమలయ్యే నాటికే ఎనిమిదింట నాలుగు మైదానాలు పూర్తయిపోయాయి. మిగతావాటి పిల్లర్లు, స్లాబులు లేచిపోయాయి. రోడ్లు, మెట్రో, కొత్తగా వెలసిన లుసైల్ నగరం, వీటి పనిలో సింహభాగం పాత చట్టం కిందే జరిగింది. సంస్కరణలు వచ్చాయి, అది నిజం. గల్ఫ్‌లో మిగతా దేశాలకన్నా ఖతార్ ముందడుగు వేసిందనీ ఒప్పుకోవాలి. పోటీ రాకపోయి ఉంటే ఇవి వచ్చేవి కావేమో కూడా. అయితే ఓటు వేసిన రోజే ఈ షరతులు కాగితం మీద రాయించి ఉంటే, పదేళ్ల ముందే వచ్చి ఉండేవి. ఆ పదేళ్లలో షట్టరింగ్ చేసిన వాళ్లకు, స్కాఫోల్డింగ్ ఎక్కిన వాళ్లకు ఆ చట్టాల నీడ దొరికి ఉండేది. ఫిఫా మీద నా ఫిర్యాదు ఇదే. మైదానంలో గడ్డి ఎంత ఎత్తుండాలో రాసుకునే సంస్థకు, ఆ మైదానం కట్టేవాడి జీతం గురించి రాసుకోవాలని తోచలేదు.

చావుల లెక్క అన్నిటికన్నా బాధ కలిగించేది. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక, పోటీ దక్కిన నాటి నుంచి భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలసవాసులు ఖతార్‌లో చనిపోయారని రాసింది. అందులో భారతీయులు 2,711 మంది. ఈ అంకెను చాలామంది స్టేడియాల దగ్గర చనిపోయినవారి లెక్కగా చెప్తుంటారు. అది సరికాదు. అన్ని పనుల్లో, అన్ని కారణాలతో చనిపోయినవారి సంఖ్య అది. మరో పక్క ఖతార్ నిర్వాహకులు స్టేడియం పనుల్లో ప్రమాదాల వల్ల చనిపోయింది ముగ్గురే అన్నారు. పోటీ జరుగుతుండగా నిర్వాహక కమిటీ పెద్ద హసన్ అల్ థవాది ఒక ఇంటర్వ్యూలో, పోటీకి సంబంధించిన మొత్తం పనుల్లో నాలుగు వందల నుంచి ఐదు వందల మంది దాకా చనిపోయి ఉంటారన్నారు. మూడు ఎక్కడ, ఐదు వందలు ఎక్కడ, ఆరున్నర వేలు ఎక్కడ? ఇన్ని బిలియన్ల డాలర్లు లెక్కపెట్టగలిగిన చోట మనుషుల లెక్క ఎందుకు తేలలేదు?

తేలకపోవడానికి కారణం ఉంది. అక్కడ చనిపోయిన వలస కార్మికుల మరణ పత్రాల్లో చాలావాటి మీద సహజ మరణమనో, గుండె ఆగిపోయిందనో రాసి ఊరుకున్నారు. ముప్పై ఏళ్ల వాడు, వెళ్లేముందు మెడికల్ పాసయినవాడు, ఎండలో పనిచేసి వచ్చి రాత్రి క్యాంపులో పడుకుని తెల్లారేసరికి లేవలేదంటే, అది సహజం ఎలా అవుతుంది? చాలావరకు పోస్టుమార్టం చేయరు. పని వల్ల చనిపోయాడని రుజువు లేకపోతే కంపెనీ నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు. మన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షలు రావాలన్నా అది ప్రమాద మరణమై ఉండాలి. అంటే మరణ పత్రం మీద అక్కడి డాక్టరు రాసిన ఒక్క మాట, ఇక్కడ ఇంట్లో ఉన్న భార్యాపిల్లల బతుకును తేల్చేస్తుంది. శవపేటిక శంషాబాద్ విమానాశ్రయానికి వస్తుంది, అక్కడి నుంచి అంబులెన్సులో ఊరికి. అప్పటికి ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ ఇంకా నడుస్తూనే ఉంటుంది.

2019 నుంచి 2022 దాకా నాలుగేళ్ల లెక్కలో ఫిఫా ఆదాయం ఏడున్నర బిలియన్ డాలర్లు. ఖతార్‌లో జట్లకు ఇచ్చిన ప్రైజు సొమ్ము 440 మిలియన్లు. అంతే మొత్తం కార్మికుల పరిహారానికి పక్కన పెట్టమని ఆమ్నెస్టీ, హ్యూమన్ రైట్స్ వాచ్ వంటి మానవ హక్కుల సంస్థలు 2022లోనే అడిగాయి. పెట్టలేదు. 2024లో ఫిఫా 50 మిలియన్ డాలర్లతో ఒక నిధి ప్రకటించింది. అందులో కూడా చనిపోయిన కార్మికుల కుటుంబాలకంటూ నేరుగా ఇచ్చే పరిహారం లేదు. నాకు ఇది న్యాయంగా కనిపించడం లేదు.

వేలు ఫిఫా వైపో ఖతార్ వైపో చూపించి మనం చేతులు దులుపుకోలేం. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని తగ్గించింది. ఉద్యోగాలు పోకుండా ఉండాలని చెప్పారు. తెలంగాణ హైకోర్టులో దాని మీద ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, కార్మిక సంఘాలు గట్టిగా నిలబడ్డాయి, 2021లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. ఖతార్ కనీస వేతనాన్ని పెంచుతున్న రోజుల్లోనే మనం మనవాళ్ల ధర తగ్గించుకున్నాం. ఏజెంటు తీసుకోవాల్సిన రుసుముకు చట్టం ముప్పై వేల రూపాయలు, దాని మీద పన్ను, అని హద్దు పెట్టింది. ఊళ్లలో వసూలయ్యేది దానికి ఎన్ని రెట్లో అందరికీ తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం ప్రకటించింది, మంచిదే. అయితే అది మనిషి పోయాక వచ్చే సాయం.

ఇదంతా జరిగిపోయిన కథ అనుకోవడానికి లేదు. 2024 డిసెంబరు 11న ఫిఫా 2034 ప్రపంచకప్పును సౌదీ అరేబియాకు ఇచ్చింది. పోటీ పడ్డ దేశం మరొకటి లేదు, ఆన్‌లైన్ సమావేశంలో సభ్యులు చప్పట్లతో ఆమోదించారు. ఈసారి 48 జట్లు, 104 మ్యాచులు, 15 స్టేడియాలు. వాటిలో అధికభాగం కొత్తగా కట్టాల్సినవే. ఖతార్‌తో పోలిస్తే కొండంత దేశం, కొండంత పని. దానికి కావలసిన చేతులు మళ్లీ మన ఊళ్ల నుంచే వెళ్తాయి. ఖతార్‌ను విమర్శించడంలో గొంతు చించుకున్న దేశాల్లో చాలావరకు ఈసారి ఆ సమావేశంలో చప్పట్లు కొట్టాయి. కాబట్టి అడగాల్సింది మనమే, అదీ పునాదులు పడుతున్న ఇప్పుడే. వలస కార్మికుడు పని చేసే చోట గానీ క్యాంపులో గానీ చనిపోతే పోస్టుమార్టం తప్పనిసరి కావాలి. సబ్‌ కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కాంట్రాక్టరు కట్టాలి. ఏజెంటు ఎక్కువ వసూలు చేస్తే ఆ సొమ్ము కంపెనీ తిరిగివ్వాలి. ఖతార్‌లో నిర్వాహక కమిటీ ఒత్తిడితో కొన్ని కాంట్రాక్టు కంపెనీలు వేల మందికి అలా తిరిగిచ్చాయి కూడా. చేయాలనుకుంటే అయ్యే పనే అని దానితో రుజువైంది. ఈ మూడు మాటలూ భారత్, సౌదీ మధ్య ఒప్పందంలో రాయించమని మన ఎంపీలను అడగవచ్చు.

ఈ ప్రసంగం వింటున్నవారిలో వీసా కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, ఒక్క మాట. రేపు రియాద్‌లోనో జెద్దాలోనో స్టేడియం పని అని ఎవరైనా చెబితే, ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. విజిట్ వీసా మీద పంపుతానంటే వెళ్లకండి. జీతం, పని గంటలు, ఓవర్‌టైము రాసి ఉన్న కాంట్రాక్టు కాపీ ఒకటి మీ దగ్గర, ఇంకొకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. బీమా చేయించారో లేదో విమానం ఎక్కకముందే అడిగి తెలుసుకోండి.

సెలవు. నమస్కారం.