గూడ్సు వ్యాగన్ భాగాల పేర్లు: బరువు వెంట, గాలి వెంట

నమస్కారం. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎవరినైనా అడిగితే, బోగీ అంటే ప్రయాణికులు కూర్చునే పెట్టె అని చెబుతారు. రైల్వే సాంకేతిక పరిభాషలో మాత్రం బోగీ అంటే పెట్టె కాదు. పెట్టె కింద రెండు ఇరుసులు, నాలుగు చక్రాలతో తిరిగే ఉక్కు చట్రం. ఈ ఒక్క తేడా స్పష్టమైతే మిగిలిన పేర్లు చాలావరకు సులభమవుతాయి.

ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి, గుత్తి మీదుగా వచ్చే సిమెంటు గూడ్సునే తీసుకుందాం. వ్యాగన్ పక్కన బీసీఎన్ అని రాసి ఉంటే, బీ అంటే బోగీల మీద నడిచేది, సీ అంటే పైకప్పు గలది, ఎన్ అంటే గాలి బ్రేకు ఉన్నది. పెట్రోలు ట్యాంకరుకు బీటీపీఎన్ అనే పేరు కూడా ఇదే పద్ధతిలో వచ్చింది. చివర హెచ్‌ఎల్ చేరితే సొంత బరువు తగ్గించి, ఎక్కువ సరుకు మోసేలా కట్టిన రకం. ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నుల చొప్పున, నాలుగు ఇరుసుల మీద వ్యాగన్ సొంత బరువు, సరుకు కలిపి మొత్తం 91.6 టన్నుల దాకా పడవచ్చు.

పేర్లను జాబితాగా బట్టీ పట్టవద్దని నా సలహా. బరువు ఎటు దిగుతుందో చూడండి. సిమెంటు బస్తాల భారం పెట్టె అడుగున ఉండే చట్రం, అంటే అండర్‌ఫ్రేమ్ మీద పడి, పెట్టె బోగీ మీద కూర్చుని తిరిగే కీలైన సెంటర్ పివట్ ద్వారా బోగీ నడుమ అడ్డంగా ఉండే బోల్‌స్టర్‌కు చేరుతుంది. బోల్‌స్టర్ రెండు కొసలూ స్ప్రింగుల మీద, ఆ స్ప్రింగులు ఇరుపక్కల సైడ్‌ఫ్రేమ్‌లలో కూర్చుంటాయి. అక్కడి నుంచి బేరింగు, ఇరుసు, చక్రం, పట్టా. స్ప్రింగుల ఊగిసలాటను ఒరిపిడితో అణచే ముక్కను ఫ్రిక్షన్ వెడ్జ్ అంటారు. అది అరిగితే బోగీ ఊగిసలాట పెరుగుతుంది కనుక, చిన్నదే అయినా నిర్లక్ష్యం చేయదగినది కాదు.

లాగే బలం దారి వేరు. వ్యాగన్ కొసన చేతివేళ్లలా ముడుచుకొని పక్క వ్యాగన్‌ను పట్టుకునేది సీబీసీ, అంటే సెంటర్ బఫర్ కప్లర్. అందులో తెరుచుకుని మూసుకునే ముక్క నకిల్. దాని వెనుక కుదుపును మింగేది డ్రాఫ్ట్ గేర్. కదిలే రైలు కప్లింగ్ దగ్గర విడిపోతే దాన్ని ట్రైన్ పార్టింగ్ అంటారు.

ఇక గాలి బ్రేకు. దీన్ని మాత్రం నిదానంగా వినండి. ఇంజను నుంచి చివరి వ్యాగన్ దాకా సాగే బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నింపుతారు. గాలి పంపితే బ్రేకు పడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ జరిగేది దానికి తలకిందులు: పైపులో ఒత్తిడి తగ్గినప్పుడే, ప్రతి వ్యాగన్ కింద ఉండే డిస్ట్రిబ్యూటర్ వాల్వు దాన్ని గుర్తించి, ఆక్సిలరీ రిజర్వాయరులో దాచిన గాలిని బ్రేక్ సిలిండరులోకి వదులుతుంది, సిలిండరు కడ్డీలను నెట్టి బ్రేక్ బ్లాకులను చక్రాలకు అదుముతుంది. అందుకే పార్టింగ్ జరిగి వ్యాగన్ల మధ్య గొట్టం ఊడిపోయినా, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి.

ఆ గొట్టం పక్కనే గాలి దారిని మూసి తెరిచే యాంగిల్ కాక్ అనే మర ఉంటుంది. రైలు చిట్టచివర అది మూసి ఉండాలి, మధ్యలో అన్నిచోట్లా తెరిచి ఉండాలి. మధ్యలో ఒక్కటి పొరపాటున మూసుకుపోతే, దాని వెనుక ఉన్న వ్యాగన్లకు డ్రైవరు వేసే బ్రేకు చేరదు. రైలు బయలుదేరకముందు వెనుక గార్డు ఉండే పెట్టె, అంటే బ్రేక్‌వ్యాన్‌లోని గేజీలో ఒత్తిడి చూసుకోవడం ఇందుకే; ఇంజనులో బ్రేకు వేసినప్పుడు అక్కడి ముల్లు కూడా దిగితేనే గాలి దారి చివరిదాకా తెరిచి ఉన్నట్టు.