టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, మరి గేర్‌బాక్స్ ఎందుకు ఉడుకుతోంది?

[రుషికొండ దగ్గర బీచ్ రోడ్డు. మిట్టమధ్యాహ్నం. బానెట్ ఎత్తిన కారు పక్కన నిలబడి.]

నమస్తే. ఎండలు మొదలైన దగ్గర్నుంచి నన్ను ఒకటే ప్రశ్న వెంటాడుతోంది. "అన్నా, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, కానీ గేర్‌బాక్స్ వేడెక్కిందని మెసేజ్ వచ్చింది. సెన్సర్ పోయిందంటావా?"

సెన్సర్ పోలేదు తమ్ముడూ. ఆ ముల్లు ఇంజిన్‌ది. ఇంజిన్లో తిరిగే కూలెంట్ సంగతి చెబుతుంది, గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి దానికి తెలీదు. పైగా చాలా కార్లలో ఆ ముల్లుని కావాలనే బద్ధకంగా తయారుచేస్తారు. కూలెంట్ పది డిగ్రీలు అటూ ఇటూ అయినా అది మధ్యలోంచి కదలదు. డ్రైవర్ టెన్షన్ పడకూడదట. నన్నడిగితే దాన్ని గేజ్ అనకూడదు, జోలపాట అనాలి.

సరే, గేర్‌బాక్స్‌లో వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. దానికి ముందు మీ చేత కాసేపు మజ్జిగ చిలికిస్తాను.

మా మామ్మది చోడవరం దగ్గర పల్లెటూరు. సెలవులకి వెళ్తే నాకొక డ్యూటీ ఉండేది. మామ్మ తాడుతో కవ్వం లాగుతుంటే కుండ కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. పట్టు కాస్త వదిలానా, కుండ కుదురులోనే గిర్రున మెలి తిరిగేది, నా నెత్తిన మొట్టికాయ పడేది. ఇందులో ఒకటి గమనించండి. కవ్వం కుండకి ఎక్కడా తగలట్లేదు. మధ్యలో ఉన్నది చల్ల మాత్రమే. అయినా కవ్వం తిరుగుడు కుండకి అందింది.

ఆటోమేటిక్ కార్లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ అదే. కవ్వం ఇంజిన్. కుండ చక్రాల వైపు. మధ్యలో చల్ల బదులు ఏటీఎఫ్, అంటే గేర్‌బాక్స్ ఆయిల్. కవ్వం అటూ ఇటూ తిరుగుతుంది కదా, కన్వర్టర్ ఒకవైపే తిరుగుతుంది కదా, మధ్యలో స్టేటర్ అని ఇంకోటి ఉంటుంది కదా అని కామెంట్లలో పెట్టకండి. నాకూ తెలుసు.

కుండ కూడా కవ్వంతో సమానంగా తిరిగితే చిలుకుడే ఉండదు. కవ్వం జోరుగా, కుండ నెమ్మదిగా తిరిగినప్పుడే చిలుకుడు. ఆ తేడా అంతా వేడిగా మారి ఆయిల్లోకి దిగుతుంది. మామ్మ చేతి బలానికి ఆ వేడి తెలిసేది కాదు. అదే కవ్వాన్ని 250 గుర్రాలు లాగితే?

[తెర మీద: 100 కిలోవాట్లు × 20 శాతం = 20 కిలోవాట్లు]

లెక్క చూడండి, చిన్నదే. సిగ్నల్ పడగానే గట్టిగా తొక్కారు. ఇంజిన్ 100 కిలోవాట్లు ఇస్తోంది, ఆ క్షణాన కన్వర్టర్ అందులో 80 శాతమే అవతలికి అందిస్తోంది అనుకుందాం. మిగతా 20 కిలోవాట్లు ఆయిల్ తాగాలి. ఇంట్లో గీజర్ 2 కిలోవాట్లు ఉంటుంది. అంటే 10 గీజర్లు ఒకేసారి వేసినట్టు. ఎంత ఆయిల్లో? ఓ 7 లీటర్లు. పైగా ఆయిల్‌ని ఒక డిగ్రీ పెంచడానికి అదే బరువు నీళ్లకి కావలసిన వేడిలో సగం చాలు. లెక్క కడితే సెకనుకి ఒకటిన్నర డిగ్రీ పైమాటే. కేసింగ్ కొంత పీల్చుకుంటుంది, కూలర్ కొంత లాగేస్తుంది కాబట్టి బతికిపోతున్నాం.

మరి హైవే మీద? అక్కడ లాకప్ క్లచ్ పడుతుంది. అంటే కవ్వాన్ని కుండకి కట్టేయడమే. రెండూ కలిసి తిరుగుతాయి, చల్ల కదలదు, వేడి లేదు. అందుకే ఆనందపురం దాటి శ్రీకాకుళం వైపు 100లో గంటసేపు నడిపినా ఆయిల్ హాయిగా ఉంటుంది. హనుమంతవాక జంక్షన్లో సాయంత్రం ఆరింటికి పావుగంట ఇరుక్కుంటే అదే ఆయిల్ వేడి ఎక్కుతుంది. "నేను స్పీడు వెళ్లనండీ, నాకేం భయం" అనే పెద్దమనుషులకి ఈ ముక్క వినపడాలి. వేడి పుట్టేది స్పీడులో కాదు, తేడాలో.

ఇక అన్నిటికన్నా ఘోరం కుండని కదలనివ్వకుండా పట్టుకుని కవ్వాన్ని బలంకొద్దీ లాగడం. ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి లాంచ్ అంటూ రీల్స్ తీస్తారు చూడండి, అదే. చక్రాలు తిరగట్లేదు, ఇంజిన్ ఇచ్చే ప్రతి కిలోవాటూ ఆయిల్లోకే. షెడ్డులో స్టాల్ టెస్ట్ చేసేటప్పుడు తెలిసిన మెకానిక్ 5 సెకన్లు దాటనివ్వడు. మనవాళ్లేమో ఫోన్ యాంగిల్ కుదిరేదాకా 20 సెకన్లు తొక్కిపట్టి ఉంచుతారు.

రీల్స్ తీయకుండానే ఈ పని చేసేవాళ్లూ ఉన్నారు. మా బావమరిది ఒకడు. మంచి టర్బో సెడాన్, 8 గేర్ల ఆటోమేటిక్. పోయిన మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం కైలాసగిరి ఘాట్ ఎక్కుతున్నాం. పైదాకా కార్ల వరస. మావాడు బ్రేక్ తొక్కడు. ఏటవాలులో బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో నిలబెడుతున్నాడు. ముందు బండి కదిలితే కాస్త రేస్, ఆగితే కాస్త తక్కువ రేస్. చాలా నేర్పుగా చేస్తున్నాననుకుంటున్నాడు. నేను ఓబీడీ డాంగిల్, అంటే కారు కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపే ముక్క, పెట్టి గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూస్తున్నా. కింద టోల్ దగ్గర 96. మూడో మలుపుకి 108. పైకి చేరేసరికి 124. ఇంజిన్ ముల్లు ఎక్కడుంది? మధ్యలోనే, జోలపాట పాడుకుంటూ. "బావా, నేనెక్కడ తొక్కాను, బండి కదలనే లేదుగా" అన్నాడు. కదల్లేదు కాబట్టేరా! కుండ పట్టుకుని చిలికావు.

ఆ అంకెలకి అర్థం ఏమిటంటే, మామూలుగా 80 నుంచి 95 మధ్య ఆయిల్ సుఖంగా ఉంటుంది. 110 దగ్గర కాసేపున్నా కొంప మునగదు. 120 దాటి అలాగే ఉంటే ఆయిల్ త్వరగా పాడవడం మొదలవుతుంది. మెకానిక్కులు వాడే మోటు లెక్క ఒకటుంది. అలా పైకి వెళ్లాక వేడి పెరిగే ప్రతి పది డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగం అవుతుంది. చల్ల పులిసినట్టే ఇదీ. ఒక్కరోజులో తెలీదు, మూత తీసినప్పుడు వాసనొస్తుంది. కొత్త ఏటీఎఫ్ చాలావాటిలో ఎర్రగా, కొన్నింట్లో ఆకుపచ్చగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తోందంటే లోపల క్లచ్ ప్లేట్లు కూడా కాలాయని అర్థం.

ఇప్పుడు చల్లబరచడం. ఎండాకాలం వెన్న పడాలంటే మామ్మ కుండని చన్నీళ్ల పళ్లెంలో పెట్టేది. కారులో ఆ పళ్లెం పేరు కూలర్. ఇందులో రెండు రకాలు. మొదటి రకంలో గేర్‌బాక్స్ ఆయిల్ని ఇంజిన్ కూలెంట్‌తో చల్లబరుస్తారు. కూలెంటే 90లో ఉంటే, ఆ పళ్లెంలో పెట్టిన కుండ 90కి కిందికి రాదు. ఎంత సేపు పెట్టినా రాదు. రెండో రకం ముందు బంపర్ వెనకాల చిన్న రేడియేటర్‌లా ఉండే ఎయిర్ కూలర్. దీనికి బయటి గాలే పళ్లెం. ఆ గాలి జనవరి పొద్దున 25, మేలో 37 అనుకుందాం. ఆయిల్ 95లో ఉంటే తేడా 70 నుంచి 58కి పడింది. అంటే అదే కూలర్ సుమారు 17 శాతం తక్కువ పని చేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగితే ఆ గాలీ ఉండదు, ఫ్యానే దిక్కు.

ఇక్కడ మన వైజాగ్ వాళ్ల ప్రత్యేక అపోహ ఒకటుంది. "మన దగ్గర ఉక్కపోత కదా, అందుకే బండి వేడెక్కుతోంది" అని. ఉక్క మనకి, చెమట ఆరదు కాబట్టి. కూలర్‌కి చెమట పట్టదు. దానికి విజయవాడ 37 అయినా వైజాగ్ 37 అయినా ఒకటే. కాకపోతే దొడ్డిదారిన ఒక దెబ్బ తగులుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఏసీ ఆ తేమని కూడా నీళ్లుగా మార్చి కింద కార్చాలి. అది అదనపు పని. ఆ పనిలో పుట్టిన వేడంతా ఏసీ కండెన్సర్ ముందువైపే వదులుతుంది. దాని వెనకాల ఉన్న రేడియేటర్‌కీ కూలర్‌కీ ఆ వేడిగాలే దక్కుతుంది. అలాగని సిటీలో ఏసీ కట్టేసి చెమటలు కక్కమనట్లేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ 115 దాటితే ఓ పది నిమిషాలు కట్టేయండి, చాలు.

అసలు దెబ్బ వేరే ఉంది. ఇటు రండి, కెమెరా దగ్గరికి తీసుకురా.

[కూలర్ రెక్కలు దగ్గరగా.]

ఈ అల్యూమినియం రెక్కలు చూడండి. మధ్యమధ్యలో తెల్లటి పొడి. అది ఉప్పుగాలి తినేసిన గుర్తు. కింద మూల ఇసక, రెండు చచ్చిన తూనీగలు, ఒక చిప్స్ కవర్ ముక్క. మూడో వంతు మూసుకుపోయింది. ఎంత పెద్ద కూలరైతే ఏం లాభం? బీచ్ రోడ్డులో రోజూ తిరిగేవాళ్లు నెలకోసారి మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఈ రెక్కలు అప్పడాల్లా వంగిపోతాయి.

బ్యాటరీ 12 శాతం చూపిస్తోంది, ఇక గబగబా వెళ్దాం.

డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ బండ్లకి మజ్జిగ కథ వర్తించదు, వాటిలో కన్వర్టర్ లేదు. ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ 1.5 లాంటివాటిలో డ్రై క్లచ్‌లు, ఆయిల్లో మునిగి ఉండవు. ఆక్టేవియా ఆర్ఎస్‌లో వెట్ క్లచ్‌లు, ఆయిల్లో ఉంటాయి. డ్రై క్లచ్‌లో వేడి ఆయిల్లోకి పోదు, క్లచ్ ప్లేటుకే పడుతుంది. అందుకని దానికి పెద్ద ఆయిల్ కూలర్ బిగించమని ఎవరైనా చెబితే దండం పెట్టి వచ్చేయండి. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకండి, అలా పాకినంతసేపూ హాఫ్ క్లచ్‌లో నడిపినట్టే. ముందు బండికి రెండు కార్ల దూరం వదిలి, ఒకేసారి కదిలి, బ్రేక్ పూర్తిగా తొక్కి ఆగండి.

కన్వర్టర్ బండ్లకి, ఘాట్‌లో మాన్యువల్ మోడ్ పెట్టి 2 లేదా 3లో ఉంచండి. ఊరికే గేర్లు మారవు, లాకప్ త్వరగా పడుతుంది. ఏటవాలులో ఆగితే బ్రేక్ లేదా ఆటో హోల్డ్, యాక్సిలరేటర్ కాదు. నిమిషం దాటే సిగ్నల్ అయితే న్యూట్రల్ వేసుకోవచ్చు, పది సెకన్లకి అక్కర్లేదు. దిగేటప్పుడు న్యూట్రల్ ఎప్పుడూ వద్దు. వేడెక్కిన మెసేజ్ వస్తే పక్కకి ఆపి పార్క్‌లో పెట్టి ఇంజిన్ నడవనివ్వండి. టక్కున ఆపేస్తే పంపు ఆగుతుంది, ఆయిల్ కూలర్‌కి వెళ్లదు.

"లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అంటారు. ఎవరి లైఫ్? జెడ్‌ఎఫ్ కంపెనీ తన గేర్‌బాక్సులకి తానే 80 వేల నుంచి 1 లక్ష 20 వేల కిలోమీటర్లకి, లేదంటే 8 ఏళ్లకి ఆయిల్ మార్చమంటుంది. మన ఎండకీ మన ట్రాఫిక్‌కీ నేనైతే 60 వేలకే మారుస్తాను.

ఆఖరిది, చాలామంది షెడ్డుల్లో తప్పు చేసేది ఇక్కడే. ఆయిల్ లెవెల్ ఒక నిర్ణీత వేడి దగ్గరే చూడాలి. 6 గేర్ల వెట్ డీఎస్‌జీలో (ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు డీసీటీకి పెట్టుకున్న పేరు) అది 35 నుంచి 45 డిగ్రీల మధ్య. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది, 60 దగ్గర చూసి సరిపోయిందనుకుంటే నిజానికి తక్కువ ఉన్నట్టు. ఎక్కువ పోస్తే చిలికి చిలికి నురగ, నురగని పంపు లాగలేదు. మేలో మధ్యాహ్నం రెండింటికి పని మొదలుపెడితే ఇంజిన్ వేయకముందే ఆయిల్ 40లో ఉంటుంది, మెకానిక్ స్పానర్ అందుకునేలోపే 45 దాటేస్తుంది. రాత్రంతా బండిని అక్కడే వదిలేసి, పొద్దున ఆరున్నరకి పని మొదలుపెట్టమనండి. మామ్మ కూడా ఎండాకాలం తెల్లారకముందే చిలికేసేది.