కటింగ్ షాపులో బీపీ మిషన్

శ్రోతలకు నమస్కారం.

న్యూయార్క్ అనగానే ఆకాశాన్నంటే మేడలు, కోటీశ్వరులు గుర్తొస్తారు. ఆ నగరంలోనే హార్లెం అనే పేట ఉంది. నల్లజాతి వారు తరతరాలుగా ఉంటున్న పేట. 1990లో కాలిన్ మెకార్డ్, హెరాల్డ్ ఫ్రీమన్ అనే ఇద్దరు డాక్టర్లు అక్కడి చావుల లెక్కలు తీసి ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. హార్లెంలోని నల్లజాతి మగవాళ్లు 65 ఏళ్ల దాకా బతికే అవకాశం బంగ్లాదేశ్ మగవాళ్లకున్న దానికన్నా తక్కువని ఆ లెక్కల్లో తేలింది. ప్రపంచంలోని గొప్ప గొప్ప ఆసుపత్రులు కొన్ని అదే నగరంలో ఉన్నాయి మరి!

ఈ ఫ్రీమన్ గారు క్యాన్సర్ సర్జన్. హార్లెం ఆసుపత్రిలో 1967 నుంచి పనిచేశారు. రొమ్ము క్యాన్సర్‌తో తన దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో దాదాపు సగం మంది జబ్బు బాగా ముదిరాకే వస్తున్నారని ఆయన గమనించారు. 1986 వరకు ఇరవై రెండేళ్లలో అక్కడ చికిత్స పొందినవారిలో అయిదేళ్లు బతికినవారు 39 శాతమే. సర్జన్ కత్తి ఎంత పదునుగా ఉంటే మాత్రం ఏం లాభం, మనిషి రావడమే ఆలస్యమైతే? అందుకని ఆయన రెండు పనులు చేశారు. ఒకటి, ఉచితంగా, తక్కువ ఖర్చుతో పరీక్షలు. రెండోది, 1990లో మొదలుపెట్టిన ‘పేషెంట్ నావిగేటర్’ ఏర్పాటు. పరీక్షలో ఏదో తేడా ఉందని తెలిసిన రోజు నుంచి చికిత్స పూర్తయ్యేదాకా ఒక మనిషి ఆ రోగి వెంట ఉంటారు. ఇన్సూరెన్స్ కాగితాలు నింపుతారు, అపాయింట్‌మెంట్ ఇప్పిస్తారు, రాకపోతే ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడుగుతారు, పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరంటే దానికో దారి వెతుకుతారు. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు. 1995 నుంచి 2000 మధ్య చికిత్స పొందినవారిలో అయిదేళ్లు బతికినవారి శాతం 70కి చేరింది.

మైనారిటీ సమూహాల ఆరోగ్యం మీద అమెరికాలో జరిగిన పరిశోధన ఒక పెద్ద అడవి. నేను అందులో నాలుగైదు చెట్లనే చూపిస్తాను. వీటన్నిటిలోనూ నాకు కనిపించేది ఒకటే. జనం ‘వాళ్ల ఒంటి తీరే అంత’ అని సరిపెట్టుకున్న తేడాల్లో చాలా భాగం వైద్యం మనిషిని చేరే దారిలో ఉంది. ఆ దారి మారిస్తే అంకెలు మారుతున్నాయి.

ఇది కొత్త మాటేమీ కాదు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ అనే నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త 1899లోనే ఫిలడెల్ఫియాలోని నల్లజాతి వారి పేటలో ఇంటింటికీ తిరిగి, అక్కడి రోగాలకు మూలం ఇళ్లు, నీళ్లు, కూలిపనులేనని రాశారు. ప్రభుత్వం నోరు విప్పడానికి మాత్రం 1985 దాకా పట్టింది. ఆ ఏడు ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ విడుదల చేసిన నివేదిక ప్రకారం, తెల్లజాతి వారితో సమానమైన ఆరోగ్యం ఉండి ఉంటే మైనారిటీల్లో ఏటా దాదాపు 60,000 మరణాలు జరిగేవే కావు.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్ వెళ్దాం. నల్లజాతి మగవాళ్లలో బీపీ ఎక్కువ, దాని వల్ల వచ్చే పక్షవాతం, గుండెపోటు కూడా ఎక్కువ. మందులు చూస్తే చవక, బాగా పనిచేసేవి. కానీ వీళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తక్కువ. మరి క్రమం తప్పకుండా వెళ్లేది ఎక్కడికి? కటింగ్ షాపుకి. అక్కడి నల్లజాతి పేటల్లో కటింగ్ షాపంటే జుట్టు కత్తిరించుకునే చోటు మాత్రమే కాదు. రాజకీయాలు, బాస్కెట్‌బాల్, ఇంటి గొడవలు అన్నీ అక్కడే. ఒకే మనిషి దగ్గర ఏళ్ల తరబడి తల వంచి కూర్చుంటారు.

రోనాల్డ్ విక్టర్ అనే గుండె డాక్టరు ఆ చనువును వైద్యానికి వాడుకుందామనుకున్నారు. నల్లజాతి వారు నడిపే 52 షాపులను ఎంచుకున్నారు. పై బీపీ 140 దాటిన 319 మంది ఖాతాదారులు ఇందులో చేరారు. సగం షాపుల్లో బీపీ సంగతి చెప్పి, ఉప్పు తగ్గించమని, డాక్టరును కలవమని కటింగ్ చేసే ఆయనే నచ్చజెప్పేవాడు. మిగతా షాపులకు ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టు వచ్చేది. డాక్టర్లతో ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడికక్కడే బీపీ చూసి, మందు రాసి, మళ్లీ వచ్చినప్పుడు మోతాదు సరిచేసేది. అవసరమైన రక్తపరీక్ష కూడా షాపులోనే, వేలి మీద చిన్న పోటు పొడిచి.

ఆరు నెలల తర్వాత చూస్తే, ఫార్మసిస్టు వచ్చిన షాపుల్లో సగటు పై బీపీ 153 నుంచి 126కి దిగింది. సలహా మాత్రమే ఇచ్చిన షాపుల్లో 155 నుంచి 145కి. బీపీ 130/80 లోపుకి వచ్చినవాళ్లు మొదటి గుంపులో నూటికి 64 మంది దాకా ఉంటే, రెండో గుంపులో 12 మంది. ఇది 2018లో అచ్చయింది. ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది.

రెండో గుంపు సంగతి కూడా పట్టించుకోవాలి. అక్కడా కటింగ్ చేసే ఆయన మీద నమ్మకం అంతే ఉంది, అక్కడా మంచి మాటలే చెప్పారు. అయినా తగ్గింది కొంతే. మన ఆరోగ్య ప్రచారమంతా, ఏ దేశంలోనైనా సరే, ‘అవగాహన కల్పించాలి’ అన్న దగ్గర ఆగిపోతుంది. తెలియక కాదండీ, తెలిసినా వెళ్లలేకపోవడం అసలు చిక్కు. మందు కుర్చీ దగ్గరికే వచ్చినప్పుడు మగవాళ్లు వేసుకున్నారు.

అయితే ఒక్కోసారి మనిషి ఆసుపత్రి దాకా వచ్చినా కొలిచే పరికరమే మోసం చేస్తుంది. వేలికి క్లిప్పులా తగిలించే పల్స్ ఆక్సీమీటరు కోవిడ్ రోజుల్లో అందరికీ పరిచయమైంది. అది చర్మం గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో లెక్కగడుతుంది. నల్లటి చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఆ కాంతిలో కొంత పీల్చుకుంటుంది. మిచిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు 2020 డిసెంబరులో ఒక పోలిక ప్రచురించారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 శాతం అని చూపిస్తుండగా, అదే సమయంలో ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తే 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. అంటే దాదాపు మూడు రెట్లు. మిషన్ మీద ఫరవాలేదనిపించే అంకె, లోపల ఊపిరి అందని మనిషి. ఆ అంకె చూసి ఇంటికి పంపాలా, ఆక్సిజన్ పెట్టాలా అని నిర్ణయించిన రోజులవి. ఈ పరికరాలను వేర్వేరు చర్మపు రంగుల వారి మీద సరిగ్గా పరీక్షించాలంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొత్త మార్గదర్శకాల ముసాయిదా తెచ్చింది 2025 జనవరిలో!

కిడ్నీల విషయం ఇంకా విచిత్రం. అక్కడ లోపం పరికరంలో లేదు, లెక్కలో ఉంది. రక్తంలో క్రియాటినిన్ అనే, కండల నుంచి వచ్చే వ్యర్థం ఎంతుందో చూసి కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో ఒక సూత్రంతో లెక్కిస్తారు. 1999లో వచ్చిన సూత్రంలో రోగి నల్లజాతి వారైతే జవాబును దాదాపు 1.2తో గుణించాలన్నారు. వాళ్లకు కండ ఎక్కువ ఉంటుందన్నది అప్పట్లో చెప్పిన కారణం. పర్యవసానం ఏమిటంటే, అవే రక్తపరీక్ష అంకెలున్నా నల్లజాతి రోగి కిడ్నీ కాగితం మీద మెరుగ్గా కనిపించేది. కిడ్నీ మార్పిడి కోసం నిరీక్షించే కాలం లెక్కలోకి రావాలంటే ఆ అంకె 20కి దిగాలి, లేదా డయాలిసిస్ మొదలవ్వాలి. అవే అంకెలున్న తెల్లజాతి రోగి పేరు క్యూలో చేరిన రోజున ఈ మనిషి ఇంకా ‘ఆరోగ్యంగానే’ ఉన్నట్టు లెక్క. 2021లో కిడ్నీ వైద్యుల సంఘాలు ఆ గుణకారం తీసేసి కొత్త సూత్రం వాడమన్నాయి. 2023 జనవరి నుంచి పాత లెక్క వల్ల నష్టపోయిన నల్లజాతి రోగులను గుర్తించి, వాళ్ల నిరీక్షణ కాలాన్ని వెనక్కి జరిపి సరిదిద్దమని మార్పిడి కేంద్రాలను ఆదేశించారు. వేలమందికి అలా సరిదిద్దారు. జరిగిన అన్యాయాన్ని ఒప్పుకోవడం వేరు, పోయిన రోజులు తిరిగి ఖాతాలో వేయడం వేరు. వైద్య చరిత్రలో రెండోది చాలా అరుదు.

ఇంత జరిగాక ‘మా పరిశోధనలో చేరండి, రక్తం ఇవ్వండి’ అని అడిగితే జనం ఎందుకు నమ్ముతారు? టస్కెగీ పేరు మీలో కొందరు విని ఉంటారు. అలబామా రాష్ట్రంలోని ఆ ఊళ్లో 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్లు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది పేద నల్లజాతి మగవాళ్లను ప్రభుత్వ డాక్టర్లు ఊరికే చూస్తూ కూర్చున్నారు. 1947 నాటికే పెన్సిలిన్ మామూలు మందైపోయినా ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు.

అంతగా ప్రచారం కాని కథ హవాసుపాయ్ అనే ఆదివాసుల కథ. గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున ఉండే చిన్న తెగ. వాళ్లలో షుగరు జబ్బు విపరీతం. 1990 తర్వాత అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కారణం కనుక్కుంటామంటే రక్తం ఇచ్చారు. ఆ రక్తం మీద స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు గురించి, తెగలో దగ్గరి పెళ్లిళ్ల గురించి, పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని గురించి కూడా పరిశోధనలు చేశారు. ఈ లోయలోనే తమ పుట్టుక అని వాళ్ల నమ్మకం. వ్యవహారం కోర్టుకెక్కింది. 2010లో 7 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, మిగిలిన రక్తాన్ని తెగకు తిరిగి ఇచ్చేశారు. నమూనాను ఎలా వాడాలన్న దాంట్లో ఇచ్చినవారి మాట కూడా చెల్లాలన్న వాదనకు ఇవాళ్టికీ ఈ కేసునే చూపిస్తారు.

అమెరికాలో మన ప్రాంతాల వారూ మైనారిటీయే. దక్షిణాసియా వాళ్లు సన్నగా కనిపిస్తూనే షుగరు తెచ్చుకుంటారు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 25 దాటితేనే షుగరు పరీక్ష చేయాలన్న పాత నియమంలో వీళ్లు చాలామంది తప్పిపోయేవారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా వారికి ఆ గీతను 23కి దించింది.

భాష ఇంకో అడ్డు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఇంట్లో పిల్లలే దుబాసీలవుతారు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో స్పానిష్ మాట్లాడే తల్లిదండ్రులు పిల్లల డాక్టర్ల దగ్గరికి వచ్చిన 13 సందర్భాలను రికార్డు చేసి వింటే, ఒక్కో సందర్భంలో సగటున 31 అనువాద తప్పులు దొరికాయి. దుబాసీల్లో ఒకరికి పదకొండేళ్లు! అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని 2016లో నియమం వచ్చింది. ఆసుపత్రే ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చివరిగా డబ్బు సంగతి. కటింగ్ షాపు పద్ధతి అంత బాగా పనిచేస్తే ఊరూరా ఎందుకు లేదు? పరిశోధన గ్రాంటు అయిపోయాక ఆ ఫార్మసిస్టుకు జీతం ఎవరివ్వాలన్న ప్రశ్న దగ్గర బండి ఆగుతుంది. ఇన్సూరెన్స్ వ్యవస్థ ఆసుపత్రి గదిలో జరిగే పనికి తేలిగ్గా డబ్బిస్తుంది, కుర్చీ పక్కన జరిగే పనికి ఇవ్వదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఆదివాసుల దగ్గరే ఉంది. 1997లో అమెరికా పార్లమెంటు ఆదివాసుల షుగరు కోసం ప్రత్యేక నిధి పెట్టింది. తెగలే తమ క్లినిక్కుల్లో ఏం చేయాలో నిర్ణయించుకున్నాయి. కిడ్నీని కాపాడే మందులు, క్రమం తప్పని పరీక్షలు, ఇంటికి వచ్చి చూసే మనుషులు. 1996 నుంచి 2013 మధ్య షుగరు వల్ల కిడ్నీలు పూర్తిగా పాడైన కేసుల రేటు ఆదివాసుల్లో 54 శాతం తగ్గింది. అంత తగ్గుదల అక్కడ మరే జాతి సమూహంలోనూ రాలేదు. ఆ నిధికి గడువు మాత్రం కొద్దికాలానికే ఇస్తారు. గడువు దగ్గరపడిన ప్రతిసారీ తెగల పెద్దలు వాషింగ్టన్ వెళ్లి, ఇవే అంకెలు మళ్లీ చూపించి, పొడిగించమని అడగాల్సి వస్తోంది.

నమస్కారం.