శనక్కాయ పొట్టుతో ట్రాక్టర్ నడుస్తుందా?

(తిరుపతి నుంచి రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: పాకాల నుంచి ఒక అన్న లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

శ్రోత: నమస్కారం మేడం. మాకు శనక్కాయలు ఒలిచే మిషన్ ఉంది. సీజన్లో పొట్టు గుట్టలా పడుతుంది. ఇటుక బట్టీల వాళ్లు వస్తే పోతుంది, లేకుంటే వానకు తడిసి ముక్కిపోతుంది. పొట్టు నుంచి డీజిల్ తీసే యంత్రం ఉందని ఒకాయన చెప్పినాడు. పైరాలసిస్ అన్నాడు. ట్రాక్టర్‌కు పోసుకోవచ్చంట. నిజమేనా?

నిపుణురాలు: నూనె వస్తుందనేది నిజమే అన్నా. అది డీజిల్ అనేదే నిజం కాదు. ఆయన చెప్పిన పైరాలసిస్ ఇదే: గాలి చొరబడని పాత్రలో పొట్టును 500 డిగ్రీల దాకా వేడి చేస్తే అది మండదు, విచ్ఛిన్నమై ఆవిరవుతుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే నల్లటి నూనె దిగుతుంది. అడుగున బొగ్గు మిగులుతుంది, కొంత గ్యాస్‌గా పోతుంది. ఆ నూనెలో దాదాపు నాలుగో వంతు నీళ్లే. పులుపులో చింతపండు రసానికి తీసిపోదు. ఇంజన్లో పోస్తే పంపు, నాజిల్ దెబ్బతింటాయి. కిలోకు వచ్చే వేడి కూడా డీజిల్‌లో సగం ఉండదు.

శ్రోత: ఏదో పొడి వేస్తే బాగవుతుందన్నాడు మేడం.

నిపుణురాలు: అది క్యాటలిస్ట్, అంటే తాను ఖర్చవకుండా రసాయన మార్పును నడిపించే పదార్థం. జియోలైట్ అనే సన్న రంధ్రాల ఖనిజం లాంటిది. ఆవిరి దాని సన్నటి రంధ్రాల్లోంచి పోయేటప్పుడు అందులోని ఆక్సిజన్ నీళ్లుగా, కార్బన్ మోనాక్సైడ్, డయాక్సైడ్‌లుగా విడిపోతుంది. నూనె పులుపు తగ్గి, పెట్రోలు గుణానికి దగ్గరవుతుంది. కానీ చేతికొచ్చే నూనె బాగా తగ్గిపోతుంది. పైగా పొడి మీద మసి పేరుకుంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ కాల్చి శుభ్రం చేయాలి. ఈ పని మీద నాకు చాలా ఆశ ఉందన్నా. అయినా మీ షెడ్డులో పెట్టి నడిపే స్థాయికి ఇంకా రాలేదు.

శ్రోత: మరి పొట్టు ఏం చేసేది?

నిపుణురాలు: ముందు తడవనీయకండి. ఎండిన పొట్టును బ్రికెట్లు, అంటే నొక్కి చేసిన గట్టి దిమ్మలు, కొట్టిస్తే బాయిలర్లకు పోతుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో అడిగి చూడండి. కొంత బొగ్గు చేసి, పేడనీళ్లలో నానబెట్టి పొలానికి వేసుకోవచ్చు. బొగ్గు మాత్రం ఆరుబయటే కాల్చండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన షెడ్డులో ప్రాణం తీస్తుంది. అవునూ, యంత్రానికి అడ్వాన్స్ ఇచ్చేశారా?

శ్రోత: రేపు ఇస్తామన్నాం.

నిపుణురాలు: ఆగండన్నా. మీ పొట్టే ఒక మూట తీసుకెళ్లి, మీ కళ్ల ముందే నడిపించమనండి. కరెంటు ఎంత కాలింది, నూనె ఎంత దిగింది, రెండూ రాసుకోండి. తర్వాత ఆ నూనెను ఆయన బండిలోనే పోసి నడపమనండి.

శ్రోత: సరే మేడం. రేపు డబ్బు కాదు, మూట తీసుకుపోతా.