డచ్ సింహం డాలర్: పదికి డిజైన్‌కి తొమ్మిది, అచ్చుకి ఐదు

నమస్తే అండీ. ఇవాళ కెమెరా కింద ఉన్నది లేవెన్‌డాల్డర్, అంటే సింహం డాలర్. నెదర్లాండ్స్‌లోని హాలండ్ ప్రావిన్స్ దీన్ని 1575లో కొట్టడం మొదలుపెట్టింది. అప్పటికి తమను ఏలుతున్న స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మీద అక్కడ తిరుగుబాటు నడుస్తోంది. అందుకే ఇక్కడ రాజు తలకాయ లేదు చూడండి. ఆ చోట పేరు లేని యోధుడు నిలబడ్డాడు, కాళ్లకు అడ్డంగా సింహం బొమ్మ ఉన్న డాలు. నాణెం తిప్పితే ఆ సింహమే పెద్దదై, వెనక కాళ్ల మీద లేచి ఉంది. చుట్టూ ‘కాన్ఫిడెన్స్ డొమినో నాన్ మొవేటూర్’: ప్రభువును నమ్మినవాడు కదలడు. బైబిలు చదివేవాళ్లకి 125వ కీర్తన గుర్తొచ్చే ఉంటుంది. చోటు సరిపోక డొమినోని డి, ఎన్, ఓ అని మూడక్షరాలకు కుదించారు.

ఏ ప్రావిన్స్‌దో తెలియాలంటే యోధుడి వైపు అక్షరాలు చదవాలి. హెచ్‌ఓఎల్ అంటే హాలండ్, జెడ్‌ఈఎల్ అంటే జీలాండ్. తికమక పెట్టేది టీఆర్‌ఏ. అక్కడితో ఆగితే యూట్రెక్ట్, తర్వాత ఎన్, ఎస్ వస్తే ఓవరైసెల్. సరిగ్గా అక్కడే అంచు తెగిపోయి ఉంటే అమ్మేవాళ్ల మాట నమ్మి కొనకండి.

ఇక అసలు గొడవ అచ్చు. సుత్తితో కొట్టిన నాణెం, బిళ్ల పలచన. ఒకవైపు యోధుడు, సరిగ్గా ఆయన వెనకే సింహం ఒళ్లు. రెండు వైపులా లోతైన అచ్చు ఒకేచోట పడితే నింపడానికి వెండి చాలదు, అందుకే చాలా వాటిలో యోధుడి మొహం చదునుగా ఉంటుంది. అది అరుగుదల కాదు. అరిగితే నున్నగా మెరుస్తుంది. అచ్చు పడకపోతే ఆ చోట బిళ్ల గరుకు అలాగే మిగులుతుంది, పక్కనే అక్షరాలు మాత్రం పదునుగా కనిపిస్తాయి. అరిగిన సింహం సంగతి వేరు, అది కుక్కలా కనిపిస్తుంది. అమెరికా వలసల్లో దీన్ని కుక్క డాలర్ అనేవాళ్లు, పాపం!

బరువు 27.68 గ్రాములు ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతులే వెండి. అంచుకి గీతలు లేవు కాబట్టి చెక్కి వెండి దొంగిలించడం తేలిక. 26 కంటే బాగా తగ్గితే అంచంతా లెన్స్‌తో చూడండి.

శుభ్రమైన అచ్చే కావాలంటే 1680ల తర్వాతి గిల్డర్ అనే డచ్ వెండి నాణెం చూడండి. అది యంత్రం మీద కొట్టింది. బైబిలు మీద చెయ్యి ఆనించిన స్త్రీ, ఈటె కొసన స్వేచ్ఛా టోపీ, అన్నీ స్పష్టంగా ఉంటాయి. నా ఓటు మాత్రం సింహానికే. కొనేటప్పుడు కాటా మీద పెట్టి, రెండు వైపులా తిప్పి చూపించే వీడియో అడగండి. పాలిష్ చేసింది మాత్రం వద్దు.