వింబుల్డన్ విజేతలు – వాళ్ల కాళ్ల కింది గడ్డి

అందరికీ నమస్కారం.

వింబుల్డన్ విజేతల పట్టికను మనం పేర్లు, సంవత్సరాల వరుసగానే చదువుతుంటాం. 1877లో 22 మంది బరిలోకి దిగితే స్పెన్సర్ గోర్ గెలిచాడు. మహిళల తొలి టైటిల్ 1884లో మాడ్ వాట్సన్‌కు దక్కింది. అలా ఈనాటి దాకా చెప్పుకుంటూ రావచ్చు. కానీ ఎవరు ఎందుకు గెలిచారో తెలియాలంటే ముందు నేలను చూడాలి.

ఒకప్పుడు ఆ కోర్టుల్లో రై గడ్డి 70 శాతం, ఫెస్క్యూ అనే మరో రకం గడ్డి 30 శాతం కలిపి పెంచేవారు. మెత్తటి పచ్చిక, కింద కాస్త తేమ. స్లైస్ చేసిన, అంటే కింది భాగాన్ని కోసినట్టు కొట్టిన బంతి దానిమీద పడితే పైకి లేవదు, ముందుకు జారిపోతుంది. కాలి పిక్క ఎత్తులో వచ్చే బంతిని రిటర్న్ చేసేవాడు పైకి ఎత్తి కొట్టక తప్పదు. అప్పటికే నెట్ దగ్గరికి చేరిన సర్వర్ దాన్ని నేల తాకకముందే, అంటే వాలీతో, ఖాళీలోకి కొట్టేస్తాడు. పైగా బంతి ఎటు తిరుగుతుందో నమ్మకం ఉండదు కాబట్టి, అసలు నేలమీద పడనివ్వకుండా కొట్టడమే మేలు. సర్వ్ చేయగానే నెట్‌కు పరుగెత్తి వాలీ కొట్టే ‘సర్వ్ అండ్ వాలీ’ పుట్టింది ఈ లెక్కలోంచే. 1985లో సీడింగ్ (మేటి ఆటగాళ్లకు ముందుగా ఇచ్చే వరుస సంఖ్య) లేని 17 ఏళ్ల బోరిస్ బెకర్ గెలిచినా, 1993 నుంచి 2000 వరకు ఎనిమిదేళ్లలో పీట్ సంప్రాస్ ఏడుసార్లు గెలిచినా, ఆధారం అదే. మొదటి సర్వ్ తప్పాక చేసే రెండో సర్వ్ తర్వాత కూడా సంప్రాస్ నెట్‌కు పరుగెత్తేవాడు. ఎడమచేతి సర్వ్‌తో ప్రత్యర్థిని కోర్టు బయటికి లాగి, తెరుచుకున్న వైపు వాలీ కొట్టే మార్టినా నవ్రతిలోవా తొమ్మిది సింగిల్స్ టైటిళ్లు గెలిచింది. ఆ రికార్డు ఇప్పటికీ ఆమెదే.

ఈ వరుసలో నాకు అందరికంటే గొప్పగా కనిపించేది బ్యోర్న్ బోర్గ్. మట్టి కోర్టులో బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) దగ్గర నిలబడి గంటల తరబడి టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరిగేలా) కొట్టే మనిషి, వింబుల్డన్‌కు వచ్చేసరికి మొదటి సర్వ్ వెంటే నెట్‌కు వచ్చేవాడు. 1976 నుంచి వరుసగా ఐదేళ్లు గెలిచాడు. 1978, 79, 80లలో మట్టి కోర్టుల మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్ కూడా అతనిదే. అప్పట్లో ఆ రెండు టోర్నీల మధ్య రెండు వారాలే ఎడం. 2015 నుంచి అది మూడు వారాలైంది. అంత తక్కువ వ్యవధిలో అడుగుల లెక్క, బంతిని అందుకునే ఎత్తు, ర్యాలీ పొడవు అన్నీ మార్చుకోవాలి.

2001 నుంచి కోర్టుల్లో పూర్తిగా రై గడ్డే. ఆటను నెమ్మది చేయాలని కాదు, గడ్డి అరిగిపోకుండా మన్నాలని ఆ మార్పు చేశామని వింబుల్డన్ నడిపే క్లబ్ చెబుతుంది. ఫలితం మాత్రం ఆటలో కనిపించింది. 8 మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించిన రై గడ్డి నిటారుగా నిలుస్తుంది. కింది నేల పొడిగా, గట్టిగా ఉంటుంది. బంతి బాగా లేస్తుంది. అలవాట్లు మాత్రం ఒక్క ఏడాదిలో పోవు: 2001 ఫైనల్లో ప్యాట్ రాఫ్టర్, వైల్డ్ కార్డుతో (నిర్వాహకులు ప్రత్యేకంగా ఇచ్చే ప్రవేశం) వచ్చిన గొరాన్ ఇవనిసెవిచ్ పాత పద్ధతిలోనే ఐదు సెట్లు ఆడారు. మరుసటి ఏడాది హ్యూయిట్, నల్బాండియన్ ఫైనల్లో ఒక్క పాయింటుకైనా సర్వ్ అండ్ వాలీ లేదు. గడ్డి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. రాకెట్‌కు బిగించే పాలియెస్టర్ తీగల వల్ల రిటర్న్‌లో పదును పెరిగింది, నెట్‌కు వచ్చేవాడి పాదాల దగ్గరే బంతిని ముంచగలుగుతున్నారు.

అరుగుదల ఆనవాళ్లు చూసినా మార్పు తెలుస్తుంది. వెనకటి రోజుల్లో రెండో వారానికి సర్వీస్ లైన్ దాటి నెట్ దాకా గడ్డి పోయేది. ఇప్పుడు అక్కడ పచ్చగానే ఉంటుంది, బేస్‌లైన్ వెంట మట్టి తేలుతుంది.

ప్రమాదం ఎక్కువగా మొదటి వారంలో ఉంటుంది. కొత్త గడ్డిలో రసం ఉంటుంది, ప్రధాన వేదికైన సెంటర్ కోర్టుకున్న పైకప్పు మూస్తే గాలిలో తేమ పెరుగుతుంది. 2021లో సెంటర్ కోర్టులోనే సెరెనా విలియమ్స్, అడ్రియాన్ మనారినో జారి, గాయాలతో తప్పుకున్నారు. దిశ మార్చేటప్పుడు పెద్ద అంగ వేసి ఒకే కాలిమీద బరువంతా ఆపితే ఇలా జరుగుతుంది. మోకాళ్లు వంచి చిన్న చిన్న అడుగులు వేయాలి. మట్టి కోర్టు మీద జారినట్టు జారాలంటే జొకోవిచ్‌లాంటి వాళ్లకే చెల్లు, అతనూ తరచూ పడుతుంటాడు.

ఆ జొకోవిచ్ 2019 ఫైనల్ చూడండి. ఫెదరర్ మొత్తం 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. ఐదో సెట్లో 8–7 మీద ఫెదరర్‌కు రెండు మ్యాచ్ పాయింట్లు, అదీ తన సర్వ్‌లో. అయినా ఓడాడు. జొకోవిచ్ మూడు సెట్లు గెలిచాడు, మూడూ టైబ్రేక్‌లోనే (గేములు సమమైనప్పుడు సెట్‌ను తేల్చే ఆఖరి గేమ్). ఐదో సెట్లో 12–12 దగ్గర టైబ్రేక్ ఆ ఏడాదే పెట్టారు. 2022 నుంచి ఆఖరి సెట్లో 6–6 దగ్గరే పది పాయింట్ల టైబ్రేక్.

డబుల్స్‌లో నెట్ విలువ తగ్గలేదు. జోడీలో ఒకరు ముందే నెట్ దగ్గర ఉంటారు కాబట్టి, రిటర్న్ ఏమాత్రం పైకి లేచినా పాయింటు పోయినట్టే. 2015 మహిళల డబుల్స్ ఫైనల్లో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా, మార్టినా హింగిస్ జోడీ మొదటి సెట్ 5–7తో పోగొట్టుకుంది, రెండోది టైబ్రేక్‌లో దక్కించుకుంది. మూడో సెట్లో 2–5తో వెనకబడింది. అక్కడినుంచి 5–5 చేశాక వెలుతురు చాలక పైకప్పు మూసి లైట్లు వేశారు. మళ్లీ మొదలుపెట్టి 7–5తో మకరోవా, వెస్నినా జోడీని ఓడించారు. సానియాకు మహిళల డబుల్స్‌లో అదే తొలి గ్రాండ్‌స్లామ్ టైటిల్.