అనిరుద్ధ: పేరులోని అర్థం, రాతలో జాగ్రత్త

సభకు నమస్కారం. అబ్బాయికి 'అనిరుద్ధ' అని పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆ పేరును సరిగా విడదీయాలి. 'అని', 'రుద్ధ' అని విరవకూడదు. అ, ని, రుధ్, త అని నాలుగు ముక్కలు. రుధ్ అంటే అడ్డగించడం. మనం రోజూ వాడే నిరోధం, అవరోధం, విరోధం ఆ ధాతువు నుంచి వచ్చినవే. రుధ్ పక్కన చేరిన 'త' 'ధ'గా మారుతుంది, దాంతో ముందున్న 'ధ్' 'ద్' అవుతుంది. అలా 'రుద్ధ' అయింది. నిరుద్ధుడంటే అడ్డగింపబడినవాడు, అనిరుద్ధుడంటే ఎవరూ అడ్డగించలేనివాడు. దీనికి మొండివాడన్న అర్థం అంటగట్టకండి.

విష్ణుసహస్రనామంలో ఈ నామం రెండుసార్లు వస్తుంది, 185వది, 638వది. మొదటిచోట, దానికి భాష్యం రాసిన శంకరులు 'అవతారాలెత్తడంలో ఎవరిచేతా అడ్డగింపబడనివాడు' అన్నారు. రెండోచోట వాసుదేవ, సంకర్షణ, ప్రద్యుమ్నుల తర్వాతి నాలుగో వ్యూహమని, అంటే విష్ణువు నాలుగో రూపమని చెప్పి, శత్రువులు నిరోధించలేనివాడనే అర్థమూ ఇచ్చారు. ఆచమనంలో చెప్పుకునే కేశవనామాల్లో ఇది పదహారోది. ఇక భాగవతంలో అనిరుద్ధుడు ప్రద్యుమ్నుడి కొడుకు, కృష్ణుడి మనవడు, ఉష భర్త. బాణాసురుడు నాగపాశంతో కట్టేసింది ఈయననే! శోణితపురానికి దండెత్తి వెళ్లి కృష్ణుడే విడిపించాడు. 'ఆపలేనివాడు బందీ ఎలా అయ్యాడు?' అని పిల్లవాడు రేపు అడుగుతాడు. ఆ కథ మీకు వచ్చి ఉండాలి.

ఇంట్లో జరిగే సంస్కారాల విధులు చెప్పే ఆపస్తంబ గృహ్యసూత్రం మగపిల్లవాడి పేరుకు రెండు గానీ నాలుగు గానీ అక్షరాలుండాలంటుంది, మధ్యలో య ర ల వలలో ఒకటి రావాలంటుంది. అ-ని-రు-ద్ధ: నాలుగు అక్షరాలు, మధ్యలో 'రు'. 'అనిరుధ్' అని కుదిస్తే మూడే మిగులుతాయి. బేసి సంఖ్య ఆ సూత్రంలో ఆడపిల్లలకు చెప్పింది! ముద్దుపేరుగా ఎలా పిలుచుకున్నా ఫరవాలేదు, కాగితం మీద మాత్రం పూర్తి పేరు ఉండాలి. 'అనురుధ్' అని రాస్తే ఉపసర్గే మారిపోతుంది. అనురుద్ధుడు వేరు, ఆయన బుద్ధుడి శిష్యుడు.

నక్షత్రం చూసేవాళ్లకు 'అ' కృత్తిక మొదటి పాదం. బియ్యంలో పేరు రాసేటప్పుడే ద కింద ధ ఒత్తు పెట్టండి. ఇంగ్లీషులో రెండు 'డి'లు, ఒక 'హెచ్', చివర 'ఏ'. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. బడిలోనూ పాస్‌పోర్టులోనూ అదే రాత నడుస్తుంది కాబట్టి, సంతకం పెట్టేముందు రెండు భాషల్లోనూ అక్షరం అక్షరం సరిచూసుకోండి.